ముప్పై ఒకటో రీలులో నాని

వాసుదేవరావుకు కూర్చోవడం రాదు. అన్నం తింటూ నాలుగుసార్లు లేచే మనిషి. కుళాయి కట్టానా లేదా, తలుపు గడియ పెట్టానా లేదా, పక్కింటి కుక్క ఇవాళ ఎందుకు అరవలేదు, ఇలా ఏదో ఒకటి. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య కుసుమ కంగారుపడేది. తర్వాత కొన్నేళ్లు కోప్పడింది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా వచ్చాక పట్టించుకోవడం మానేసింది. హాస్పిటల్లో పొద్దస్తమానం పిల్లల వార్డులో తిరిగి వచ్చిన డాక్టరమ్మకు ఇంట్లో ఇంకొకరి తిరుగుడు చూసే ఓపిక ఎక్కడిది?

అలాంటి మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ముందు టేపు తిరుగుతుంటే మాత్రం బుద్ధిమంతుడిలా గంటల తరబడి కూర్చునేవాడు. బెజవాడ రేడియోలో ఇరవై రెండేళ్లు చేసిన పని అదే. బ్లేడుతో టేపు కోయడం, అతికించడం, ఉపన్యాసకుల దగ్గులు తీసేయడం. ఆ దగ్గు వింటే చాలు, మనిషి దివిసీమవాడో నూజివీడువాడో చెప్పేస్తానని క్యాంటీన్లో పందాలు కాసేవాడు. ఎక్కువసార్లు గెలిచేవాడు కూడా. అందువల్ల తన చెవి మీద ఆయనకు ఉన్న నమ్మకం భగవంతుడి మీద కూడా లేదు.

కుసుమకు ఇక్కడ ఉద్యోగం రావడంతో ఎనభై ఎనిమిదిలో రేడియోకు నమస్కారం పెట్టి ఆవిడ వెంట వచ్చాడు. మొదటి ఏడాదంతా కాలు కాలిన పిల్లిలా ఊరి చెరువు చుట్టూ తిరిగాడు. చూడలేక కుసుమే ఎవరితోనో చెప్పి, యూనివర్సిటీలో భాషల ల్యాబ్‌లో వారానికి మూడురోజుల పని ఇప్పించింది. నేలమాళిగలో గది, రెండు పాత టేపు యంత్రాలు, పైన మార్క్ అనే పెద్దాయన. మార్క్ ఆ ల్యాబ్‌కు అధికారి. మంచివాడే కానీ ప్రతిదానికీ ఒక పట్టిక గీస్తే తప్ప ఊపిరాడదు.

తొంభై ఒకటిలో వాళ్లకు నలభై నాలుగు టేపు రీళ్లు వచ్చి పడ్డాయి. మిస్ జాక్లిన్ అనే కాన్‌బెర్రా ఆవిడ ముప్పై ఏళ్ల కిందట కెనడా పడమటి తీరాన ఉన్న దీవులకు వెళ్లి, అక్కడి హైదా జనం మాటలు రికార్డు చేసుకొచ్చింది. ఆవిడ పోయాక ఆ రీళ్లున్న అట్టపెట్టెలు ల్యాబ్‌కు చేరాయి. సముద్రాన్నీ దేవదారు చెట్లనూ నమ్ముకుని బతికిన జనం హైదాలు. దేవదారు మానులు తొలిచి పడవలు చేస్తారు, వాటి మీద కాకుల్నీ గద్దల్నీ చెక్కి ఇళ్ల ముందు నిలబెడతారు. వాళ్ల భాషకు ప్రపంచంలో చుట్టం అంటూ ఏ భాషా లేదని పండితుల మాట. ఇప్పుడది మాట్లాడేవాళ్లు ముసలివాళ్లే, వాళ్లూ కొద్దిమందే. మిగిలినవాళ్లను చిన్నప్పుడే బడి హాస్టళ్లకు తీసుకుపోయి, ఇంటి మాట మాట్లాడితే కొట్టి, నోరు మూయించారు.

హైదాల్లో రెండు పక్షాలట. ఒకటి బొంతకాకి పక్షం, ఇంకొకటి గద్ద పక్షం. ఏ పక్షంవాళ్లు ఆ పక్షంలో పెళ్లి చేసుకోకూడదు. పిల్లలు తల్లి పక్షానికే చెందుతారు. పెద్దమ్మ పిల్లలూ పిన్ని పిల్లలూ సొంత తోబుట్టువులే, కుర్రాళ్లకు మేనమామే పెద్దదిక్కు. ఇదంతా విప్పి చెప్పడానికి మార్క్ వారం రోజులు కష్టపడి గోడంత పటం గీశాడు. వాసుదేవరావు దాన్ని అర నిమిషం చూశాడు.

“ఇందులో అర్థం కానిది ఏముంది?” అన్నాడు. “మా ఊళ్లో ఆరేళ్ల పిల్లను అడిగినా చెబుతుంది.”

మార్క్ చిన్నబుచ్చుకున్నాడు. వాసుదేవరావుకు మాత్రం ఆ రోజంతా ఒళ్లు తేలిపోయింది. హైదాలు తనకు దూరపు బంధువులన్నంత ధీమా కలిగింది. ఆ ధీమాయే కొంప ముంచింది.

పనికి మార్క్ పెట్టిన నియమం ఒక్కటే. కథలూ పాటలూ పదాల జాబితాలూ ఉన్న రీళ్లకు నకలు తీయాలి. యంత్రం ఆపడం మరిచిపోతే ఎక్కిన ఇంటి చప్పుళ్లయితే నకలు అక్కర్లేదు. ఆ రీళ్లను శుక్రవారం పొద్దున ట్రాలీలో అవతలి భవనానికి పంపితే, అక్కడ అయస్కాంతం మీద పెట్టి తుడిచేసి విద్యార్థులకు ఇస్తారు. ఏది దేనికిందికి వస్తుందో తీర్పు చెప్పేది వాసుదేవరావు. భాష రాకపోయినా కథ చెబుతున్న గొంతు ఆయనకు తెలుసు. వినేవాళ్ల కోసం కూర్చుకుని చెప్పే గొంతు వేరు, గిన్నెలు సర్దుకుంటూ మాట్లాడే గొంతు వేరు.

ముప్పై ఒకటో రీలులో గిన్నెలే ఉన్నాయి. పొయ్యి మీద ఏదో మరుగుతోంది, బయట కాకులు అరుస్తున్నాయి. ఒక ముసలావిడ మాట్లాడుతోంది. మధ్యమధ్య ఒక చంటి గొంతు. ముసలావిడ ప్రతి రెండో మాటకూ “నానీ” అంటోంది. ఆ చంటిది కూడా నవ్వుతూ “నానీ, నానీ” అంటోంది.

వాసుదేవరావు పెదాల మీదికి నవ్వు వచ్చింది. కృష్ణా జిల్లాలో ప్రతి మూడో ఇంట్లో ఒక నాని ఉంటాడు. బడి రిజిస్టర్లో వెంకట సత్యనారాయణ వరప్రసాద్ అని ఉన్నా, ఇంట్లో నానీయే. తన పేరు తనే చెప్పుకుని మురిసిపోయే వయసు వాడిది. హైదా దేశంలో కూడా ఒక నాని ఉన్నాడన్న మాట.

టేపులో గుయ్యిమనే రొద ఎక్కువగా ఉంది. కింద కథ ఏమైనా దాగి ఉందేమోనని రొద తగ్గిస్తూ ఆయన దాన్ని పదిహేనుసార్లు విన్నాడు. ముసలావిడ ఒక మాటను పాటలా సాగదీసి మూడుసార్లు అంది. అలవాటు ప్రకారం విన్నది విన్నట్టు నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలకు ఆ భాష లొంగదని ఆయన అభిప్రాయం. గొంతు అడుగున పటుక్కుమని విరిగే శబ్దం ఒకటి ఉంది. దానికి తెలుగులోనూ అక్షరం లేదు కాబట్టి ‘క’ మీద చిన్న టిక్కు పెట్టుకున్నాడు. తర్వాత మార్క్ పట్టికలో ఇంగ్లీషులో, “ముసలావిడ, మనవడు. పిల్లాడి పేరు నాని. పనికొచ్చేది లేదు,” అని రాసి రీలును ట్రాలీ మీద పెట్టాడు.

ఆ మంగళవారమే హెలెనా వచ్చింది.

ముప్పై రెండేళ్ల మనిషి. పొట్టిగా, దిట్టంగా, గోళ్లలో మట్టితో ఉంది. ఊరి చివర పియాలిగోలో మొక్కల నర్సరీలో పని చేస్తుందట. తలుపు దగ్గరే నిలబడి, బట్టీ పట్టిన పాఠం ఒప్పజెప్పినట్టు తన సంగతి చెప్పింది. తను పుట్టింది హైదా దీవుల్లో. మూడేళ్లప్పుడు ప్రభుత్వం వాళ్లు తీసుకెళ్లి ఒక తెల్లవాళ్ల ఇంటికి పెంపకానికి ఇచ్చారు. వాళ్లు ఆస్ట్రేలియా వచ్చేశారు. కాగితాల్లో కన్నతల్లి పేరు లేదు. దీవుల్లోని మాసెట్ అనే ఊరికి ఉత్తరం రాస్తే, ఎవరి బిడ్డవో తెలిస్తే రా అని ఎవరో పెద్దావిడ జవాబిచ్చింది. ఎవరి బిడ్డో తెలిస్తే ఇక ఉత్తరం ఎందుకు రాస్తుంది?

“మిస్ జాక్లిన్ అక్కడ ఉన్న ఏడాది నేనూ అక్కడే ఉన్నాను. ఆ టేపుల్లో చిన్న ఆడపిల్ల గొంతు ఏమైనా ఉందా?” అని అడిగింది.

“లేదు మేడమ్,” అన్నాడు వాసుదేవరావు తడుముకోకుండా. “ఆడపిల్ల ఎక్కడా లేదు. ఒకే ఒక్క పిల్లాడు ఉన్నాడు.”

“మీకు ఖాయంగా తెలుసా?”

“నా చెవి తప్పు వినదు.”

హెలెనా తల ఊపింది. ఇక మాసెట్ వెళ్లే ఆలోచన మానుకుంటానని, కొన్న టికెట్టు వద్దని విమానం వాళ్లకు సోమవారం చెప్పేస్తానని అంది. మాసెట్ పెద్దావిడ రాసిన ఉత్తరం నకలు ఒకటి మార్క్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె మెట్లెక్కుతున్న చప్పుడు వింటూ పాపం అనుకున్నాడు వాసుదేవరావు. అన్ని రీళ్లూ వినడం అయిపోయింది కాబట్టి, నకలు తీయాల్సిన రీలు ఒకటి ఎక్కించాడు.

ఆ ఉత్తరం మార్క్ బల్ల మీద మూడురోజులు పడి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మార్క్ దాన్ని ఫైల్లో పెట్టమని కిందికి పంపాడు. ఊరికే ఉండలేని మనిషి కదా, నిలబడే చదివేశాడు. విక్టోరియా అనే ముసలావిడ పెద్ద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసింది.

“అమ్మాయ్, మా దగ్గర మనిషిని తండ్రి పేరుతో ఆనవాలు పట్టం. నీ నాని ఎవరో చెప్పు. మేం అమ్మమ్మను నాని అంటాం. ఇక్కడ ప్రతి పిల్లా మొదట నేర్చేది ఆ మాటే. నీ నాని ఎవరో తెలిస్తే నువ్వు కాకివో గద్దవో, ఏ ఇంటిదానివో నేను చెబుతాను.”

ఆయన రెండోసారి చదవలేదు. అక్కర్లేకపోయింది. పొయ్యి మీద మరుగుతున్న గిన్నె, కాకులు, ఆ చంటి నవ్వు అన్నీ ఒక్కసారిగా తిరగబడ్డాయి. పిల్లాడు లేడు. నాని అంటే ఆ ముసలావిడే. నానీ దగ్గరికి రా, నానీకి ఇవ్వు అంటోంది ఆవిడ. అమ్మమ్మా అని పిలుస్తోంది ఆ చంటిది. అది ఆడపిల్లో మగపిల్లాడో చెప్పే ఆధారం ఆ టేపులో ఒక్కటీ లేదు. ఆధారం అంతా కృష్ణా జిల్లాలోనే ఉంది.

ట్రాలీ పొద్దున్నే వెళ్లిపోయింది.

వాసుదేవరావు పరుగెత్తాడు. యాభై ఆరేళ్ల వయసులో, ఒంటి మీది స్వెటరుతోనే, పచ్చికకు అడ్డంగా పడి. సెప్టెంబరు అక్కడ పిట్టలు గుడ్లు పెట్టే కాలం కావడంతో, గూడు కాపలా కాస్తున్న మ్యాగ్‌పై పిట్ట ఒకటి వచ్చి బట్టతల మీద రెండు పోట్లు పొడిచింది. చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. అవతలి భవనంలోకి వెళ్లేసరికి రీళ్లన్నీ అల్మారాలో వరసగా పేర్చి ఉన్నాయి, కొత్త చీటీలతో శుభ్రంగా. తన చేతి రాత ఉన్న పెట్టె వెతికి పట్టుకుని అక్కడి యంత్రం మీదే ఎక్కించాడు. శ్ అని వినిపించింది. మొదటినుంచి చివరిదాకా అదే. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. ఏదైనా మూల ఒక గిన్నె చప్పుడైనా మిగిలి ఉంటుందేమోనని ఆశ. ఒక్క చప్పుడైనా మిగల్చకుండా తుడిచేశారు.

ఆ క్షణంలో ఆయనకు చాలా దారులు కనిపించాయి. ఎవరికీ తెలియదు. పట్టికలో పిల్లాడనే ఉంది. హెలెనా సోమవారం టికెట్టు వద్దనుకుంటుంది, అంతటితో సరి. అలా ఊరుకోగలిగిన మనిషే అయితే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. కానీ ఊరుకోవడం కూడా ఒక రకం కూర్చోవడమే. సిగ్గుతో చెవులు మండిపోతుంటే తన పాత డేట్సన్ కారు తీసుకుని తిన్నగా పియాలిగో వెళ్లాడు. దారిలో రెండుసార్లు తప్పు మలుపు తిరిగాడు.

హెలెనా నారు కుండీల్లోకి మారుస్తోంది. ఆయన ఏమీ దాచకుండా చెప్పాడు. నాని అనే మాట తమ దేశంలో మగపిల్లాడి ముద్దుపేరని, అందుకని పొరబడ్డానని, ఆ రీలును తన చేత్తోనే తుడవడానికి పంపానని, ఇప్పుడు అందులో ఏమీ లేదని.

ఆమె చేతిలోని కుండీలో మట్టి నింపడం పూర్తి చేసింది. ఇంకొకటి తీసుకుంది. అదీ నింపింది.

“మీకు ఖాయంగా తెలుసా అని అడిగాను,” అంది చివరికి.

“అడిగారు.”

“ఇక వెళ్లండి.”

“వెళ్తాను మేడమ్. కానీ ఆవిడ అన్న మాటలు నా దగ్గర ఉన్నాయి. విన్నది విన్నట్టు రాసుకున్నాను. అర్థం తెలియదు. ఆ పిల్ల మీరో కాదో కూడా నాకు తెలియదు. ఇకమీదట నాకు ఖాయంగా తెలుసని ఏదీ చెప్పను. మీరు వింటానంటే చదువుతాను.”

హెలెనా ఇంకో కుండీ నింపింది. తర్వాత చేతులు దులుపుకుని, చదవమంది. ఆయన కుండీల మధ్య నిలబడి నోటుబుక్కు తెరిచి చదివాడు. ఆమె ఒక్కో శబ్దానికీ ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడానికే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాసుదేవరావు తన ఇంటి అడ్రసు, ఫోను నంబరు రాసిన కాగితం కుండీ పక్కన పెట్టి వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన తిరిగిన దూరం కొలిస్తే సిడ్నీ చేరేది. కుసుమ కూర వడ్డించి చూసి చూసి, “ఏవండీ, దాచకుండా చెప్పారుగా. ఇంక ఆవిడిష్టం. ఇట్టా తిరిగితే చెరిగిపోయింది వెనక్కి వస్తదా?” అంది.

“రాదు కుసుమా. అందుకే తిరుగుతున్నా.”

శనివారం పొద్దున పది గంటలకు హెలెనా గుమ్మంలో నిలబడి ఉంది. తనింట్లో ఫోనుకు ఐఎస్‌డీ లేదంది. అక్కడ ఇప్పుడు శుక్రవారం సాయంత్రం, విక్టోరియా ఇంట్లోనే ఉంటుందంది. కుసుమ ఆమెను లోపలికి తీసుకొచ్చి, కుర్చీ జరిపి, ఏమీ అడక్కుండా కాఫీ చేతికిచ్చింది.

ఫోను కలిసింది. హెలెనా రెండు ముక్కల్లో సంగతి చెప్పి రిసీవర్ వాసుదేవరావుకు ఇచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. రేడియోలో ఇరవై రెండేళ్లు పనిచేసినా, మైకు ముందు ఆయన ఒక్క మాట మాట్లాడి ఎరుగడు. చదివాడు.

“ఇంకోసారి,” అంది ముసలి గొంతు.

మళ్లీ చదివాడు. ఒకచోట ఆవిడ ఆపింది. గొంతు ఇంకా కిందనుంచి రావాలంది, తను అని చూపింది. ఆయన అన్నాడు. కాదంది. మళ్లీ అన్నాడు. ఆ మూడోసారి ఆవిడ ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

“పులుసు మరుగుతోంది, చెయ్యి పెట్టకు, నానీ దగ్గరికి రా అంటోంది,” అంది విక్టోరియా. “ఆ సాగదీసి పిలిచిన మాట ఉందే, అది పేరు. ఆడపిల్ల పేరు. ఆ పేరు ఊళ్లో ఒక్క ఇంటిదే. ఇంకెవరూ పెట్టుకోవడానికి వీల్లేదు. ఆ ఇంట్లోంచి ఒకే ఒక్క పిల్లను తీసుకుపోయారు. ఫోను ఆ అమ్మాయికివ్వు.”

ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. హైదాల్లో పేరు ఇంటి సొత్తు, దాన్ని నలుగురిలో పలకాలంటే ఆ ఇంటివాళ్లకే హక్కు. వాసుదేవరావు నోటుబుక్కులోంచి కూడా ఆ కాగితం ఆ పొద్దునే చిరిగి హెలెనా చేతికి వెళ్లింది.

హెలెనా ఫోను చెవికి అదుముకుని విన్నది. కాసేపటికి తన పేరు తానే పలకబోయి తడబడింది. అటునుంచి దిద్దారు. మళ్లీ పలికింది. గద్ద పక్షం అని కుసుమకు ఇంగ్లీషులో గుసగుసగా చెప్పింది, అదేదో పరీక్ష ఫలితం అన్నట్టు. మా నాని ఎవరో తెలిసిందని చెప్పలేక చెప్పింది. కుసుమ ఆమె భుజం మీద చెయ్యి వేసి, తను కూడా ఏడ్చింది. చివరికి హెలెనా, “హావా,” అంది. వాళ్ల భాషలో కృతజ్ఞత చెప్పే మాట అది. కొత్తగా నేర్చుకున్న ఆ మాట రెండుసార్లు చెప్పి రిసీవర్ వాసుదేవరావు వైపు చాచింది.

“మీతో మాట్లాడాలట.”

ఆయన భయపడుతూనే తీసుకున్నాడు. రీలు సంగతి అడుగుతుందనుకున్నాడు. తిడితే పడడానికి సిద్ధపడ్డాడు.

“రీలు పోయిందట కదా,” అంది విక్టోరియా. “ఆవిడ గొంతు నాకూ వినాలని ఉండింది. చిన్నప్పుడు మేమిద్దరం కలిసి నత్తలు ఏరేవాళ్లం. సరే. మా మాట నువ్వు ముసలివాళ్లలా పలికావు. నువ్వెవరివి?”

ఆయన ఇంటిపేరుతో సహా పేరు చెప్పాడు. గుడివాడ దగ్గర ఊరు చెప్పాడు. తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు. గోత్రం కూడా చెప్పబోయాడు.

“అవన్నీ మగవాళ్ల పేర్లా? నీ తల్లి ఎవరు?”

“సీతారావమ్మ.”

“ఆవిడ తల్లి? నీ నాని ఎవరు?”

వాసుదేవరావు నోరు తెరిచాడు. ఆవిడ ముఖం కనిపించింది, వెల్లుల్లి వాసన వేసే చీర కొంగు కనిపించింది. తను అమ్మమ్మా అనేవాడు. అమ్మ అమ్మా అనేది. నాన్న అత్తయ్యగారూ అనేవాడు. వీధిలోవాళ్లు దొడ్డమ్మ అనేవాళ్లు. అంతకుమించి ఆవిడను ఎవరూ ఏమీ పిలిచినట్టు ఆ చెవిలో ఎక్కడా లేదు. అడగడానికి అమ్మ లేదు, మేనమామ లేడు. సాయం కోసం కుసుమ వైపు చూశాడు. ఆవిడా తన అమ్మమ్మ పేరు వెతుక్కుంటున్నట్టు గోడకేసి చూస్తోంది.

“నాకు తెలియదు,” అన్నాడు.



“ఈ అమ్మాయికి ముప్పై రెండేళ్లు. తనని ఎత్తుకుపోయారు కాబట్టి తెలియలేదు,” అంది విక్టోరియా నెమ్మదిగా. “నీకెన్నేళ్లు?”

“యాభై ఆరు,” అన్నాడు వాసుదేవరావు.